పెండ్లి మర్యాద: కర్నూలు, కడప సీమల్లో వివాహ సహాయకుల గుర్తింపు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పెండ్లి ఒక కుటుంబం చేతుల మీదుగా జరిగే పని కాదు. కుండ చేసినవారు, బట్ట నేసినవారు, మేళం వాయించినవారు, నీళ్ళు మోసినవారు, వంట వండినవారు కలిస్తేనే అది పెండ్లి అవుతుంది. వీరికి సమాజం కృతజ్ఞత ఎలా తెలిపింది? ఆ పద్ధతి కాలక్రమంలో ఎలా మారింది? కర్నూలు, కడప ప్రాంతాల శాసనాలు, గ్రామసేవా వ్యవస్థ, దేవతాకల్యాణ సంప్రదాయాల ఆధారంగా ఈ ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడ కృతజ్ఞత మాటగా కాక 'మర్యాద' అనే హక్కుగా ఉండేదని, ఆ హక్కు మనిషిని గౌరవిస్తూనే కులం హద్దులో నిలిపివేసిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మర్యాద, మేర, ఆయగాండ్రు, చదివింపులు, పారువేట, పాగాలంకరణ, రాయలసీమ సాంఘిక చరిత్ర

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వివాహాలపై వచ్చిన పరిశోధనలో ఎక్కువ భాగం ఆచారకాండను, పెండ్లి పాటలను, కట్నకానుకల సమస్యను పరిశీలించింది. పెండ్లిని నిలబెట్టిన శ్రమను గురించి, ఆ శ్రమకు దక్కిన గుర్తింపును గురించి విడిగా జరిగిన చర్చ తక్కువ. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల వంశక్రమాలను పక్కనపెట్టి జనుల తిండి, బట్ట, ఆట, ఆచారాలను చరిత్రకు వస్తువుగా చేసింది. ఆ దారిలో ఒక అడుగు ముందుకు వేస్తే, పెండ్లిలో ఎవరు ఏం తిన్నారన్న ప్రశ్న తరువాత, వండిపెట్టినవారికి ఏం దక్కిందన్న ప్రశ్న వస్తుంది.

ఈ ప్రశ్నకు కర్నూలు, కడప ప్రాంతాలు తగిన క్షేత్రం. సాలుకు సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే ఉన్న మెట్టసీమ ఇది. జొన్న, కొర్ర చేతికొచ్చిన ఏడాది పెండ్లిళ్ళు జరుగుతాయి, వాన ఎగ్గొట్టిన ఏడాది ముహూర్తాలు వాయిదా పడతాయి. ఇటువంటి చోట ఒక పెండ్లికి వందల మందికి నీళ్ళు, అన్నం, నీడ సమకూర్చడమంటే ఊరంతా చేయి వేయవలసిన పని. అందువల్ల సహాయం చేసినవారిని గుర్తించే పద్ధతి కూడా ఇక్కడ ఊరి ఏర్పాటుగానే రూపొందింది. పూర్వపు ఉమ్మడి జిల్లాల పరిధినే ఈ వ్యాసం ప్రమాణంగా తీసుకుంటుంది. 2022 పునర్విభజన తరువాత అహోబిలం, శ్రీశైలం నంద్యాల జిల్లాలో చేరినా, వాటి చరిత్ర కర్నూలు సీమ చరిత్రలో భాగమే.

2. మర్యాద, మేర: రెండు మాటల చరిత్ర

'ధన్యవాదాలు' అని చెప్పడం నేటి సభల, ముద్రిత పత్రాల అలవాటు. పాత గ్రామజీవితంలో ఆ పనిని చేసిన మాటలు వేరు: మర్యాద, మేర, సంభావన, తాంబూలం, ఈనాము. వీటిలో మొదటి రెండు మాటలను కొంచెం ఆగి పరిశీలించాలి.

'మర్యాద' అన్న సంస్కృత పదానికి మొదటి అర్థం హద్దు, పొలిమేర. హద్దు తప్పని నడవడి మర్యాద అయింది. ఆ నడవడికి ఇచ్చే గౌరవం కూడా మర్యాదే అయింది. 'మేర' అన్న తెలుగు మాట కూడా ఇలాగే రెండు అర్థాలను మోస్తుంది. మేర అంటే అవధి; గ్రామంలో సేవ చేసేవారికి కళ్ళంలో కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా కూడా మేరే. గౌరవాన్ని చెప్పే మాట, ప్రతిఫలాన్ని చెప్పే మాట రెండూ హద్దును కూడా సూచించడం గమనార్హం. ఒకరికి దక్కవలసింది ఎంతో నిర్ణయించిన గీతే, వారు దాటకూడనిది ఏదో కూడా నిర్ణయించింది.

'కృతజ్ఞత' అన్న మాట నిర్మాణం మరొక దిక్కు చూపుతుంది. చేసినదానిని ఎరిగి ఉండడం దాని అర్థం. అంటే అది జ్ఞాపకానికి సంబంధించినది. ఎవరు ఏం చేశారో పదిమంది ముందు చెప్పడం, చెప్పినదానిని మరుసటి తరానికి అందించడం ఇందులో ఇమిడి ఉన్నాయి. కాబట్టి పెండ్లి మర్యాదను మూడు లక్షణాలతో గుర్తించవచ్చు: అది బహిరంగంగా ఇవ్వాలి, ఒక వరుసలో ఇవ్వాలి, ప్రతి పెండ్లికీ తిరిగి ఇవ్వాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ రోజు పందిట్లో తగవు పుట్టేది. ఇచ్చిన వక్క, ఆకు విలువ కొద్దిపాటిదే అయినా, ఎవరికి ముందు ఇచ్చారన్నది పెద్ద విషయం. వెనుకబడినది తాంబూలం కాదు, ఊరిలో ఆ మనిషి స్థానం.

3. శాసనాల సాక్ష్యం

పెండ్లి రాజ్యానికి ఆదాయమార్గం కూడా. విజయనగర కాలంలో వివాహాలపై సుంకం వసూలు చేసినట్లు శాసనాలు చెబుతున్నాయి. కృష్ణదేవరాయల కాలంలోనూ, ఆ తరువాతా కొన్ని సీమల్లో ఈ పెండ్లి సుంకాన్ని మాన్పించి, ఆ సంగతిని రాతి మీద చెక్కించారు. సుంకం మాన్పించడం పుణ్యకార్యంగా ప్రకటితమైందంటే, సామాన్య కుటుంబానికి ఆ భారం ఎంత బరువైనదో అర్థమవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సాక్ష్యం సదాశివరాయల పాలనలో (1542–1570) కనిపిస్తుంది. బాదామికి చెందిన కొండోజు తదితర మంగలులు తమ వృత్తి నైపుణ్యంతో అళియ రామరాయలను మెప్పించారు. రామరాయలు మంగలులపై ఉన్న పన్నులను, వెట్టిని మాఫీ చేయించాడు. ఈ మినహాయింపును తెలిపే శాసనాలు కన్నడ, తెలుగు ప్రాంతాల్లో అనేకచోట్ల వేయించారు. దీనిలో మూడు విషయాలు గమనించాలి. ఒకటి, మెప్పు పొందినది కొద్దిమంది అయినా ఫలితం వృత్తివర్గమంతటికీ దక్కింది. రెండు, మెప్పు మాటగా గాలిలో కలిసిపోకుండా రాతి మీద నిలిచింది. మూడు, సాధారణంగా రాజుల, అమాత్యుల, దాతల పేర్లకే పరిమితమైన శాసనంలో క్షౌరవృత్తి చేసే మనిషి పేరు చేరింది. రాయలసీమ పల్లెల్లో పెండ్లికొడుకు గోళ్ళు తీయడం, సన్నాయి మేళం వాయించడం చాలాచోట్ల మంగలి కుటుంబాల పనిగా ఉండేది. పెండ్లికి అవసరమైన ఆ వృత్తికి రాజ్యం తెలిపిన కృతజ్ఞతగా ఈ శాసనాలను చదవవచ్చు.

దేవాలయ శాసనాలు మరొక నమూనాను ఇస్తాయి. కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుల (1408–1503) వంశీకులకు తిరుమల శ్రీనివాసుని కల్యాణోత్సవంలో కన్యాదాతల స్థానం దక్కింది. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల వంటివారు ఏర్పాటు చేసిన కైంకర్యాల శాసనాల్లో, నైవేద్యమైన ప్రసాదంలో దాత వాటా ఎంతో స్పష్టంగా నిర్ణయించారు. నాలుగో వంతు దాతకు చెందడం ఆనాటి ఆనవాయితీ. ఉత్సవాలలో పనిచేసే వివిధ వృత్తులవారికి ఇవ్వవలసినదీ తిరుమల, తిరుపతి శాసనాలలో చాలాచోట్ల కనిపిస్తుంది. అంటే ఒక ఉత్సవం ఎంత ఘనంగా జరిగిందన్న వర్ణన కంటే, ఆ ఘనతలో ఎవరి పాలు ఎంత అన్న లెక్కకే శాసనం పెద్దపీట వేసింది.

4. ఆయగాండ్రు, పెండ్లి పందిరి

దేవాలయంలో రాతి మీద ఉన్న ఈ లెక్క పల్లెలో నోటి మాటగా నడిచింది. 1800లో నిజాం నుండి దత్తమండలాలు కుంఫిణీ పాలనలోకి వచ్చాయి. 1807 వరకు థామస్ మన్రో వాటి ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఆ కాలపు పాలనాపత్రాల్లోనూ, 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన అయిదవ నివేదికలోనూ గ్రామసేవకుల పట్టిక కనిపిస్తుంది. కరణం, తలారి, నీరుగంటి, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు పంటలో వాటా పొందుతూ ఊరికి సేవ చేసేవారు. వీరినే ఆయగాండ్రు అన్నారు. ఆయం అంటే వారికి దక్కే వాటా.

రెవెన్యూ అధికారులకు ఈ వ్యవస్థ భూమి శిస్తు లెక్కలో భాగంగా కనిపించింది. అయితే అదే వ్యవస్థ పెండ్లి పందిట్లో మరో రూపంలో ప్రత్యక్షమయ్యేది. కుమ్మరి అరివేణి కుండలు చేసి సున్నం, జాజుతో రంగులు పూసి ఇచ్చేవాడు. ముత్తయిదువలు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, బియ్యం, పసుపు కుంకుమలు, బట్ట ఇచ్చి కుండలు తెచ్చుకునేవారు. వడ్రంగి పెండ్లి పీటలు, కంసాలి తాళిబొట్టు, మెట్టెలు, మేదరి గంపలు, చాటలు సమకూర్చేవారు. చాకలి దివిటీ పట్టి, నడిచేదారిలో బట్టలు పరిచేవాడు. గాజుల శెట్టి ఆడవాళ్ళందరికీ గాజులు తొడిగేవాడు. దూదేకుల కుటుంబాలకు చెందిన ముస్లిం కళాకారులు సన్నాయి వాయించిన పెండ్లిళ్ళు ఈ సీమలో నేటికీ ఉన్నాయి.

కుండలు తేవడానికి ఊరేగింపుగా వెళ్ళడంలోనే కృతజ్ఞత రూపం స్పష్టమవుతుంది. కుమ్మరిని పిలిపించి కుండలు కొనుక్కోవడం సులువు. పెండ్లివారే ఆయన గడప దగ్గరికి వెళ్ళడం వల్ల ఆ కొద్దిసేపు ఊరి చూపు కుమ్మరి ఇంటి మీద నిలిచేది. సరుకు ధర కంటే ఆ నడకకే విలువ ఎక్కువ.

చదివింపుల సంగతి దీనికి తోడు. బంధువులు, ఊరివారు ఇచ్చినదానిని అక్షరం వచ్చినవారు ఒకరు గట్టిగా చదివి, పుస్తకంలో రాసుకునేవారు. ఇది రాబోయే పెండ్లిలో తిరిగి చెల్లించవలసిన బాకీల పట్టీ కూడా. ఇక్కడొక తేడా ఉంది. చదివింపుల పుస్తకం ఇచ్చినవారి పేర్లు రాసింది, చేసినవారి పేర్లు రాయలేదు. రూపాయి ఇచ్చిన బంధువు పేరు పుస్తకంలో ఉంటుంది. రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చున్నవారి పేరు ఉండదు.

మర్యాదలోని హద్దు ఇక్కడే కటువుగా కనిపిస్తుంది. మాదిగల డప్పు లేనిదే ఊరేగింపు కదలదు. ఆ డప్పు వాయించినవారు మాత్రం పందిరి బయట, అందరి తరువాత, వేరుగా అన్నం తినవలసి వచ్చింది. వారికి ఇచ్చే బట్ట, గింజలు హక్కుగా చెప్పుకున్నా, ఇచ్చే తీరు అంటరానితనాన్ని ప్రతి పెండ్లిలోనూ మళ్ళీ ప్రకటించింది. పెండ్లి మేళంలో ఆడి పాడి, నిత్యసుమంగళులన్న నమ్మకంతో తాళికి నల్లపూసలు కూర్చిన కళావంతుల స్త్రీలదీ ఇదే స్థితి. శుభానికి వారి చేయి కావాలి, వారి ఇంట శుభం జరగదు. గుర్తింపు, అవమానం ఒకే చేతిమీదుగా అందిన ఈ వ్యవస్థను గతవైభవంగా మాత్రమే వర్ణించడం చరిత్రకు న్యాయం కాదు.

5. దేవుని పెండ్లి, ఊరి హక్కు

ఇండ్లలో జరిగే పెండ్లిళ్ళలో చెరిగిపోయిన మర్యాదల వరుస దేవతాకల్యాణాలలో నేటికీ నిలిచి ఉంది. కర్నూలు, కడప సీమల్లోని మూడు ఉదాహరణలు ఇందుకు చాలు.

అహోబిలంలో సంక్రాంతి మరునాడు, కనుమనాడు పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడాడన్నది ఈ సీమ నమ్మకం. అహోబిల మఠం ఏడవ జీయరు రచించిన 'వాసంతికాపరిణయం' అనే సంస్కృత నాటకం కూడా నరసింహునికీ చెంచుకన్యకూ జరిగిన పరిణయాన్నే ఇతివృత్తంగా తీసుకుంది. తన బ్రహ్మోత్సవాలలో జరిగే కల్యాణానికి రమ్మని పిలవడానికి స్వామి స్వయంగా పల్లకిలో బయలుదేరి, సుమారు నలభై రోజులపాటు ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతాడు. తొలినాడు చెంచులు విల్లంబులతో ఎదురై స్వాగతిస్తారు. ఊరూరా పల్లకి దించే వేదికను 'తెలుపు' అంటారు. ఏ ఊరిలో ఎక్కడ దించాలి, ఎవరి పూజ ముందు అందుకోవాలి అన్నవి తరతరాలుగా వస్తున్న ఏర్పాట్లు.

సాధారణంగా కృతజ్ఞత పెండ్లి ముగిశాక తెలిపేది. పారువేటలో అది పెండ్లికి ముందే వస్తుంది. కల్యాణానికి ధాన్యం, శ్రమ, జనం సమకూర్చేది ఈ పల్లెలే. కాబట్టి పెండ్లికొడుకే వారి వాకిళ్ళకు వెళ్ళి, వారి ఊరి పేరును తన దారిలో చేర్చుకుంటాడు. కుమ్మరి ఇంటికి పెండ్లివారు నడిచి వెళ్ళడంలో ఉన్న భావమే ఇక్కడ పెద్ద ఎత్తున కనిపిస్తుంది.

శ్రీశైలంలో రెండవ ఉదాహరణ. మహాశివరాత్రి రాత్రి స్వామి కల్యాణానికి ముందు పాగాలంకరణ జరుగుతుంది. పెండ్లికొడుకైన మల్లికార్జునునికి తలపాగా చుట్టే ఘట్టమిది. చీరాల ప్రాంతానికి చెందిన చేనేత కుటుంబం రోజుకొక మూర చొప్పున ఏడాది పొడవునా ఈ వస్త్రాన్ని నేస్తుంది. ఆ రాత్రి ఆలయంలో దీపాలన్నీ ఆర్పుతారు. నేసిన మనిషే దిగంబరంగా గోపుర విమానం ఎక్కి, శిఖరం నుండి ముఖమండపం మీది నందులను కలుపుతూ పాగా చుడతాడు. ఆ తరువాతే పెండ్లి. వస్త్రాన్ని తెచ్చి అప్పగించి వెళ్ళిపోయే సరఫరాదారు కాదు ఈయన. ఆయన చేతితో చుట్టనిదే పెండ్లి మొదలు కాదు. నేత పనికి ఇంతకంటే బలమైన బహిరంగ గుర్తింపు తెలుగునాట అరుదు. శ్రీశైల మల్లన్నను చెంచులు తమ అల్లునిగా, 'చెంచు మల్లన్న'గా భావించడం కూడా ఈ చుట్టరికపు వరుసలోదే.

మూడవది దేవుని కడప. తిరుమలకు గడపగా పేరొందిన ఈ లక్ష్మీవేంకటేశ్వరాలయానికి ఉగాదినాడు ముస్లింలు వచ్చి పూజలు చేస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, కాబట్టి స్వామి తమ అల్లుడు అన్నది వారి భావన. కొత్త ఏడాది తొలినాడు అల్లుని ఇంటికి వెళ్ళడం పుట్టింటివారి మర్యాద. మతం వేరైనా పెండ్లి వరుస కలిపిన బంధం ఏడాదికొకసారి గుడి ముంగిట గుర్తుకు వస్తుంది.

ఈ మూడింటిలోనూ చెంచులు, నేతగాళ్ళు, ముస్లింలు, పల్లెజనం దేవుని పెండ్లికి చూపరులుగా రాలేదు. వారికి చుట్టరికమో, వృత్తిహక్కో ఉంది. అధికారంలో పైనున్నవారు ఎవరు మారినా ఆ హక్కు తిరిగి తిరిగి ప్రకటితమవుతూనే ఉంది. కృష్ణదేవరాయలు 1515లో అహోబిలం వచ్చి ఆభరణాలు, కానుకలు సమర్పించాడు. ఆ దానం శాసనంలో నిలిచింది. చెంచుల హక్కు మాత్రం ఏటేటా జరిగే ఆచరణలో నిలిచింది. చరిత్రకారునికి రెండూ ఆధారాలే.

6. ఒంటిమిట్ట: నీరు, టెంకాయ చిప్ప

ఒంటిమిట్ట కోదండరామాలయంలో సీతారామ కల్యాణం పున్నమి వెన్నెలలో, రాత్రివేళ జరగడం ప్రత్యేకత. రాష్ట్ర విభజన తరువాత భద్రాచలం తెలంగాణలో ఉండిపోవడంతో, 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను ఇక్కడ అధికారికంగా జరుపుతోంది. అదే ఏడాది ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానానికి చేరింది. అప్పటినుండి పట్టువస్త్రాల సమర్పణ, పందిళ్ళు, ముత్యాల తలంబ్రాల వార్తలు ఏటా వస్తున్నాయి. అయితే ఈ వైభవానికి ముందు ఆ గుడిని నిలబెట్టినవారిలో ఇద్దరిని స్థానిక స్మృతి మరువలేదు.

ఒకరు ఇమాంబేగ్. కడప నవాబుల కాలపు అధికారిగా ఆయనను చెబుతారు. స్వామిని పిలిస్తే పలుకుతాడా అని అడిగి, జవాబు విని భక్తుడై, ఇక్కడ బావి తవ్వించాడన్నది స్థానిక కథనం. కథలోని అద్భుతాన్ని నమ్మినా నమ్మకున్నా, ఇమాంబేగ్ బావి అన్న పేరు నిలిచింది. మెట్టసీమలో ఉత్సవానికి మొదటి అవసరం నీరు. నీరిచ్చినవాని పేరుతోనే బావిని పిలవడం ఈ సీమ తెలిపిన కృతజ్ఞత. ఎవరైనా నీళ్ళ దారి అడిగినప్పుడల్లా ఆ పేరు చెప్పక తప్పదు.

రెండవవారు ఆంధ్రవాల్మీకిగా ప్రసిద్ధులైన వావిలికొలను సుబ్బారావు (1863–1936). ఉద్యోగం వదిలిన తరువాత, జీర్ణావస్థలో ఉన్న ఈ ఆలయాన్ని ఉద్ధరించడానికి ఆయన టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా భిక్షమెత్తారు. ఆ సొమ్ముతో గుడిని బాగుచేయించి, స్వామికి ఆభరణాలు సమకూర్చారు. తరువాత ఆ చిప్ప పేరనే 'టెంకాయచిప్ప శతకము' రాశారు. శతకమకుటం దేవునిదో, ప్రభువుదో, మిత్రునిదో కావడం పరిపాటి. ఆ స్థానంలో భిక్షపాత్ర కూర్చోవడం తెలుగు సాహిత్యంలో విశేషం. తన పేరుగాని, పెద్ద దాతల పేర్లుగాని కాకుండా, పైసా పైసా మోసిన పనిముట్టును కావ్యస్థానంలో నిలపడం ద్వారా, పేరు చెప్పని వేలమంది చిన్న దాతలకు ఆయన ఒకేసారి కృతజ్ఞత తెలిపినట్లయింది. పందిరి కింద వరుసగా పేర్లు చదవడం సాధ్యం కానప్పుడు కృతజ్ఞత ఏ రూపం తీసుకోవచ్చో ఇది చూపుతుంది.

7. హక్కు కూలిగా మారిన తీరు

గ్రామ మర్యాదల వ్యవస్థ ఒక్కసారిగా కూలిపోలేదు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషన్ ఇనాము భూములను పరిశీలించి, వాటికి పట్టాలు, క్విట్ రెంటు నిర్ణయించే పని చేపట్టింది. సేవతో ముడిపడిన భూమి క్రమంగా ఆస్తిగా మారడానికి అది నాంది. 1876–78 మహాకరువు మరొక దెబ్బ. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కళ్ళమే లేనప్పుడు మేర ఎక్కడిది? పంటలో వాటా మీద నడిచే కృతజ్ఞతకు కరువు సీమలో ఉన్న బలహీనత అదే. ఊరు తినే ఏడాది ఆయగాడు తింటాడు. ఊరు పస్తున్న ఏడాది ముందుగా పస్తుండేది అతడే.

ఇరవయ్యవ శతాబ్దంలో చట్టం ఈ వ్యవస్థను మరింత మార్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధించింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేడవ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇరవై మూడవ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం ఇనాము భూములను రైత్వారీ పట్టాలుగా మార్చింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను తొలగించింది.

వీటి ఫలితాన్ని రెండు వైపుల నుండి చూడాలి. డప్పు వాయించడం ఇష్టం లేనివారు వద్దని చెప్పగలిగారు. వాయించేవారు తమ ధర తాము చెప్పగలిగారు. చాకలి కొడుకు చదువుకొని మరో ఉద్యోగానికి పోగలిగాడు. ఇది చిన్న విజయం కాదు. వెట్టిలో దొరికిన బట్టముక్క కంటే బేరమాడి తీసుకున్న కూలి గౌరవప్రదమైనది. అయితే హక్కు కూలిగా మారినప్పుడు పందిట్లో పేరు పెట్టి పిలిచే ఘట్టం కూడా దానితోపాటే వెళ్ళిపోయింది. బంధం తెగడం వల్ల విముక్తి వచ్చింది, స్మృతి పోయింది.

8. ఫంక్షన్ హాలు కాలం

నేడు కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు పట్టణాల్లో పెండ్లి ఫంక్షన్ హాలుకు చేరింది. షామియానా, పూల అలంకరణ, కేటరింగ్, ఫొటోలు, వీడియో, బ్యాండు ఒక్కొక్కరి బాధ్యత. నగలు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ నుండి, పట్టుచీరలు ధర్మవరం నుండి, చేనేత బట్టలు మాధవరం, ఎమ్మిగనూరు వంటి నేత కేంద్రాల నుండి వస్తాయి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం, నేతగాడు దళారి మీద ఆధారపడకుండా బతకాలన్న ఆశయంతో పుట్టినది. అక్కడ కృతజ్ఞత నూలుగా, కూలిగా, సంఘంలో సభ్యత్వంగా రూపుదాల్చింది. దేవుని పాగా నేసిన చేయి అందరికీ తెలుసు. పెండ్లికూతురు చీర నేసిన చేయి ఎవరిదో ఆమెకు తెలియదు. ఈ రెండింటి నడుమ సహకార సంఘం ఒక మధ్యమార్గం: పేరు తెలియకపోయినా ప్రతిఫలం న్యాయంగా అందాలన్నది దాని సూత్రం.

శుభలేఖను ఒక చారిత్రక పత్రంగా చదివితే ఈ మార్పు తెలుస్తుంది. అందులో వధూవరుల పేర్లు, తాత ముత్తాతల పేర్లు, ఆహ్వానించే బంధువుల పేర్లు బారులు తీరి ఉంటాయి. పందిరి వేసేవారు, వంట చేసేవారు, మేళగాళ్ళు అందులో లేరు. పెండ్లి పని చేసినవారిలో ఒక్కరి పేరే అక్కడ కనిపిస్తుంది. అది శుభలేఖ అడుగున చిన్న అక్షరాలతో ఉండే ముద్రణాలయం పేరు. అది కూడా తానే వేసుకున్నది.

పెండ్లి ముగిశాక బంధువులకు తాంబూలపు సంచులు అందుతాయి. పని చేసినవారికి బిల్లు చెల్లుతుంది. చాలాచోట్ల బిల్లు మీద బేరం కూడా సాగుతుంది. పాత్రలు తోమిన స్త్రీలకు, విస్తళ్ళు ఎత్తినవారికి కూలి కేటరింగ్ నిర్వాహకుని చేతిమీదుగా పోతుంది. పెండ్లి చేసిన ఇంటికి వారి ముఖం కూడా తెలియదు. పాత వ్యవస్థ మనిషిని ఎరిగి హద్దులో పెట్టింది. కొత్త వ్యవస్థ హద్దు తీసివేసి మనిషిని ఎరగకుండా పోయింది.

9. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. కర్నూలు, కడప సీమల్లో పెండ్లికి సహకరించినవారికి తెలిపే కృతజ్ఞత ఒక సామాజిక వ్యవస్థగా ఉండేది. శాసనం, ఆయం, ఊరేగింపు, చుట్టరికపు వరుస అనే నాలుగు రూపాల్లో అది నడిచింది. దాని బలం బహిరంగతలో, పునరావృత్తిలో ఉంది. దాని దోషం పుట్టుకతో పనిని ముడిపెట్టడంలో ఉంది. ఆధునిక చట్టం ఆ ముడిని విప్పింది. విప్పవలసినదే. అయితే ముడి విప్పినప్పుడు పేరును కూడా పారవేయవలసిన అవసరం లేదు. రామరాయల కాలంలో ఒక మంగలి పేరు రాతి మీదికి ఎక్కగలిగినప్పుడు, నేటి శుభలేఖ వెనుకవైపున వంటవారి, మేళగాళ్ళ, పందిరివారి పేర్లు నాలుగు పంక్తులుగా అచ్చుకావడానికి అడ్డేమీ లేదు. కులం చెప్పకుండా పని చెప్పడం, పని చేసినవారిని పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం, అడగక ముందే బాకీ తీర్చడం నేటి పెండ్లి మర్యాద కాగలవు.

పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని ఎంతో ఉంది. మెకంజీ సేకరించిన కైఫీయత్తులను, 1875 నాటి కడప జిల్లా మాన్యువల్‌ను, 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్‌ను శ్రమ చరిత్ర దృష్టితో మళ్ళీ చదవాలి. అంతకంటే ముందు, ఇండ్లలో అటకల మీద చెదలు పడుతున్న చదివింపుల పుస్తకాలను, పెండ్లి ఖర్చుల చిట్టాలను సేకరించాలి. పప్పు ఎన్ని శేర్లు, నెయ్యి ఎన్ని వీసెలు, మేళానికి ఎంత, నీళ్ళబండికి ఎంత అన్న ఆ పద్దులే ఈ సీమలో సామాన్యుని సాంఘిక చరిత్రకు మిగిలిన శాసనాలు. వాటిని రాసినవారి తరం వెళ్ళిపోతోంది. కుండ ఇచ్చినవారు, నీళ్ళు మోసినవారు ఎవరో చెప్పగల వృద్ధులు ఉండగానే ఆ పద్దుల పక్కన పేర్లు చేర్చుకోవాలి.